శవయాత్ర ఎదురైనప్పుడు

శవయాత్ర వస్తుంటే దారిన పోయేవారు ఆగుతారు. పోయినవారు ఎవరో తెలియదు. ఏ ఇంటివారో తెలియదు. అయినా ఆగుతారు. సైకిలు మీద ఉన్నవారు దిగుతారు. అరుగు మీద కూర్చున్నవారు లేస్తారు. టీ కొట్టు దగ్గర గ్లాసు బల్ల మీద పెట్టి చేతులు జోడిస్తారు. చుట్టరికం లేని మనిషికి, తిరిగి పలకరించలేని మనిషికి దారి పక్కన నిలబడి ఇచ్చే మర్యాద ఇది. దాదాపు ప్రతి దేశంలోనూ ఏదో ఒక రూపంలో ఇది ఉంది. కొన్నిచోట్ల టోపీ తీస్తారు. కొన్నిచోట్ల కారు ఆపుతారు. కొన్నిచోట్ల నాలుగడుగులు వెంట నడుస్తారు. మరికొన్నిచోట్ల భుజం కూడా పడతారు.

తెలుగు ఊళ్లో శవయాత్ర కంటికి కనపడేలోపే చెవిన పడుతుంది. దూరం నుంచి డప్పు మోగుతుంది. పెళ్లి దరువు వేరు, జాతర దరువు వేరు, చావు దరువు వేరు. ఆ దరువు వింటే ఇక ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. కొన్ని కులాల్లో డప్పుతోపాటు శంఖం, జేగంట కూడా ఉంటాయి. వైష్ణవ ఆచారం ఉన్న ఇళ్లకు దాసరి వస్తాడు. శైవ ఆచారం ఉన్న ఇళ్లకు జంగం వస్తాడు. శంఖం మీద ఒక పొడుగాటి ఊపిరి. వెంటనే జేగంట మీద ఒక దెబ్బ. మళ్లీ శంఖం, మళ్లీ గంట. పల్లెలో పెరిగిన శ్రోతలకు ఈ మాట వింటుండగానే ఆ చప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

ఆ చప్పుడుతో వీధి సర్దుకుంటుంది. ఆడుకుంటున్న పిల్లల్ని తల్లులు లోపలికి పిలుస్తారు. దుకాణదారుడు షట్టరు సగం దించుతాడు. రేడియో మోగుతుంటే కట్టేస్తారు. ఎద్దుల బండి ఉంటే పక్కకు తోలి ఆపుతారు. ఊళ్లో శవం ఉన్నంతసేపు గుడి తలుపులు మూసి ఉంచడం చాలా ఊళ్లలో ఆచారం. పూజారి దీపం వెలిగించడు, నైవేద్యం పెట్టడు. శవం ఊరి పొలిమేర దాటాక గుడి కడిగి తలుపులు తీస్తారు. పోయినవారు ఎంత పేదవారైనా ఊరి దేవుడు ఆ పూట వారికోసం ఆగాల్సిందే. ఈ ఆచారం వెనుక మైల భావన ఉన్న మాట నిజం. కానీ ఊరంతా ఒక్క మనిషి చావును గుర్తించే పద్ధతి కూడా ఇందులోనే ఉంది.

ఇక యాత్ర ఎలా సాగుతుందో చూస్తే, అన్నిటికంటే ముందు నిప్పుకుండ. కర్మ చేసే కొడుకు తడిబట్టలతో దాన్ని పట్టుకొని నడుస్తాడు. కొడుకు లేకపోతే ఆ బాధ్యత తీసుకున్నవారు పట్టుకుంటారు. కుండ చుట్టూ తాడు బిగించి, చేతికి వేడి తగలకుండా వేలాడదీస్తారు. వెనుక పాడె. వెదురు బొంగులతో కట్టిన పాడెను నలుగురు భుజాన మోస్తారు. ఆ నలుగురి కోసమైనా మనిషి ఊళ్లో మంచిగా ఉండాలని పెద్దలు అంటుంటారు. పక్కన నడిచేవారు పేలాలు, పూలరేకులు, చిల్లర నాణేలు చల్లుతూ పోతారు. తెలంగాణలో బుక్కా గులాలు కూడా చల్లుతారు. గోవింద నామమో నారాయణ నామమో వినిపిస్తూ ఉంటుంది.

ఇక్కడే దారిన పోయేవారికి మొదటి నియమం వస్తుంది. నిప్పుకుండకూ పాడెకూ మధ్య నుంచి ఎవరూ దాటకూడదు. ఎంత తొందర పని ఉన్నా సరే. అవతలి పక్కకు వెళ్లాల్సినవారు యాత్ర మొత్తం పోయేదాకా ఆగాలి. వరసను కోసుకొని పోకూడదన్న ఈ నియమం గుర్తుపెట్టుకోదగ్గది. ఎందుకంటే సముద్రాలకు అవతల, కార్ల వరసల విషయంలోనూ ఇదే నియమం మళ్లీ కనిపిస్తుంది.

రెండో నియమం, యాత్రను దాటేసి ముందుకు పోకూడదు. వెనుక నుంచి వచ్చేవారు వెనుకే నడవాలి. ఎదురొచ్చేవారు పక్కకు తప్పుకొని నిలబడాలి. కొందరు చెప్పులు విడుస్తారు. కొందరు కళ్లు మూసుకొని ఏదో నామం అనుకుంటారు. ఎవరు పోయారని గట్టిగా అడగరు. అడగాలనిపిస్తే చివర నడుస్తున్నవారిని మెల్లగా అడుగుతారు.

మరో విచిత్రం కూడా ఉంది. తెలుగువారి శకునాల్లో శవం ఎదురుకావడం మంచిదే. పెళ్లిచూపులకు బయల్దేరినవారికి పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి కూర్చుంటారు. శవం ఎదురైతే మాత్రం పని అయినట్టేనని లోలోపల సంబరపడతారు. ముఖం మీద విచారం, మనసులో సంబరం. అయినా ఆగి దండం పెట్టడం మానరు. చల్లిన నాణేలదీ ఇలాంటి కథే. కొన్నిచోట్ల వాటిని ముట్టుకోరు. కొన్నిచోట్ల ఏరి దాచుకుంటారు, పిల్లలకు భయం పోవడానికి మొలతాడుకు కడతారు. మర్యాద, భయం, ఆశ ఇలా కలిసే ఉంటాయి. వాటిని విడదీసి చూడటం పుస్తకాల్లో సులువు, వీధిలో కష్టం.

యాత్ర దారి మధ్యలో ఒకచోట ఆగుతుంది. దాన్నే దింపుడు కళ్లం అంటారు. ఇంటికీ శ్మశానానికీ మధ్య, సాధారణంగా ఊరి చివర, పాడెను నేల మీదికి దింపుతారు. డప్పు ఆగిపోతుంది. దగ్గరి బంధువు ఒకరు వంగి, పోయినవారి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాన్నా అని పిలిచేవారు నాన్నా అని, అత్తా అని పిలిచేవారు అత్తా అని పిలుస్తారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పిలుపుకు పలుకుతుందేమోనన్నది ఆచారం వెనుక ఉన్న ఆశ. పలుకు రాదు. పాడె మళ్లీ భుజాల మీదికి లేస్తుంది. వైద్యుడు అందుబాటులో లేని కాలంలో మనిషి నిజంగా పోయాడో లేదో చివరిసారి చూసుకోవడానికి ఇది పనికొచ్చి ఉంటుందని చాలామంది చెబుతారు. ఆ నాలుగైదు నిమిషాలు దారిలో ఉన్నవారంతా కదలకుండా నిలబడతారు. మాట్లాడుకుంటున్నవారు కూడా మాట ఆపేస్తారు. తెలుగు శవయాత్రలో బాటసారి పాటించే మౌనం ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది.

యాత్ర వీధి దాటాక ఇళ్ల ముందు నీళ్లు చల్లుతారు. వెంట వెళ్లినవారు స్నానం చేశాకే ఇంట్లో అడుగుపెడతారు. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. హిందూ ఆచారంలో దారిన పోయేవారి మర్యాద ఎక్కువగా దూరం నుంచి ఇచ్చే మర్యాద. అరుగు మీద నుంచో గట్టు మీద నుంచో చేతులు జోడిస్తే చాలు. తాకితే మైల, వెంట వెళితే స్నానం. అయితే దీనికి ఎదురు నడిచే నానుడి కూడా తెలుగునాటే ఉంది. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే అశ్వమేధ యాగం చేసినంత ఫలమంటారు. మోసేవారు లేని శవం కనిపిస్తే దూరంగా నిలబడి దండం పెట్టడం సరిపోదని దాని అర్థం. అక్కడ బాటసారే నలుగురిలో ఒకడు కావాలి.

ముస్లింల పద్ధతి మొదటినుంచీ దగ్గరకు వెళ్లే పద్ధతి. హైదరాబాదు పాతబస్తీలో జనాజా, అంటే శవయాత్ర, వెళుతుంటే ఇది బాగా కనిపిస్తుంది. దుకాణంలో కూర్చున్నవారు లేచి బయటికి వస్తారు. దారిన పోయేవారు పరుగున వచ్చి భుజం కిందికి భుజం చేరుస్తారు. కొన్ని అడుగులు మోసి, వెనుక వచ్చేవారికి భుజం అప్పగించి పక్కకు తప్పుకుంటారు. ముందు ఉన్నవారు వెనక్కి, వెనుక ఉన్నవారు ముందుకు. జనాజా ఆగకుండా, చేతులు మారుతూ, త్వరత్వరగా సాగుతుంది. మోసినవారిలో సగం మందికి ఆ మనిషి ఎవరో తెలియకపోవచ్చు. అడగరు కూడా. మోయడంలోనే పుణ్యం ఉందని నమ్మకం.

ఇస్లాం సంప్రదాయంలో నిలబడటం గురించి ఒక ప్రసిద్ధమైన సంఘటన ఉంది. బుఖారీ హదీసు సంకలనంలో అది కనిపిస్తుంది. ఒక శవయాత్ర వెళుతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారు. పోయినది యూదుడని పక్కనున్నవారు గుర్తుచేశారు. అదీ ఒక ప్రాణమే కదా అన్న భావం వచ్చేలా ఆయన బదులిచ్చారు. నిలబడి తీరాలా, కూర్చున్నా తప్పులేదా అన్న విషయంలో తర్వాతి ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కానీ పోయినవారి మతంతో నిలబడటానికి సంబంధం లేదన్న సంగతిలో ఆ సంఘటన చాలా స్పష్టంగా ఉంది.

యూదుల ఆచారం మరో రకం. శవయాత్ర కనబడితే లేచి నిలబడటం ఒక్కటే చాలదు. కనీసం నాలుగు మూరల దూరం, అంటే దాదాపు రెండు మీటర్లు, వెంట నడవాలి. ఎంత పని మీద ఉన్నా ఆ నాలుగు మూరలు తప్పవు. చాలా చిన్న దూరం. నాలుగడుగుల్లో అయిపోతుంది. కానీ ఆ నాలుగడుగులూ మనిషి తన దారి వదిలి పోయినవారి దారిలో నడుస్తాడు.

అంటే మర్యాద రెండు రకాలుగా ఉంది. దూరం పాటించి ఇచ్చేది ఒకటి, దగ్గరకు వెళ్లి ఇచ్చేది ఒకటి. రెండింటిలోనూ ఉన్నది ఒక్కటే, తన పని కాసేపు ఆపుకోవడం.

ఇప్పుడు తలమీది గుడ్డ సంగతి. ఇంగ్లండులో ఒకప్పుడు శవపేటిక వెళుతుంటే దారి పక్క మగవారంతా టోపీలు తీసేవారు. ఇళ్ల కిటికీల తెరలు దించేవారు. గుర్రపు బండి నడక వేగంతోనే కదిలేది. అంత్యక్రియలు నడిపించే మనిషి నల్లకోటు, పొడుగు టోపీతో బండికి ముందు కాలినడకన కొంత దూరం వెళ్లేవాడు. మోటారు బండ్లు వచ్చినా ఆ నడక పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు, శ్మశానం దగ్గర పడ్డప్పుడు, కారు ముందు మనిషి నడుస్తాడు. వెనుక కార్లన్నీ ఆ మనిషి అడుగుకు అడుగు కలిపి పాకుతాయి. అయితే టోపీలు పెట్టుకోవడమే తగ్గిపోయాక, తీయడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఆచారం అలా వాడుకలోంచి తప్పుకుంది.

తెలుగువారికి టోపీ లేదు, కండువా ఉంది. భుజం మీది కండువా తీసి చేత పట్టుకోవడం, తలపాగా విప్పడం మర్యాదకు గుర్తు. దొరల కాలంలో తెలంగాణ పల్లెల్లో దొర ఎదురైతే భుజాన కండువా ఉంచుకునే వీలు లేదు, నడుముకు చుట్టుకోవాలి. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకొని నడవాలి. బతికున్న పెద్దవాడి ముందు బలవంతాన చేసిన ఆ పనుల్నే శవం ముందు మనుషులు ఇష్టంతో చేశారు. చావు ముందు అందరూ సమానమే అంటారు కదా, ఆ సమానత్వం కండువా దగ్గర కొంత కనబడింది.

కొంతే. ఎందుకంటే అదే వీధిలో ఎవరి శవం ఏ దారిన పోవాలో కులం నిర్ణయించింది. ఊరికో శ్మశానం కాదు, కులానికో శ్మశానం. పెద్ద కులాల వీధిలోంచి దళితుల పాడె పోనివ్వని ఊళ్లు ఉన్నాయి. పొరుగున తమిళనాడులో, వాణియంబాడి దగ్గర, 2019లో ఒక దళితుడి శవాన్ని వంతెన మీద నుంచి తాళ్లతో కిందికి దింపాల్సి వచ్చింది. శ్మశానానికి వెళ్లే దారి పొలాల యజమానులు మూసేశారు. ఆ దృశ్యం బయటికి వచ్చాక మద్రాసు హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. దారిన పోయేవారు ఆగి దండం పెట్టడం గురించి ఎంత చెప్పుకున్నా, ముందు పాడెకు దారి అంటూ ఉండాలి.

డప్పు కొట్టేవారి విషయమూ అంతే. చావు డప్పు శతాబ్దాలపాటు మాదిగల మీద మోపిన వెట్టి. పాడె వస్తుంటే చేతులు జోడించిన వీధి, ఆ పాడె ముందు డప్పు కొడుతూ నడిచినవారిని అంటరానివారిగానే చూసింది. అందుకే తర్వాతి కాలంలో చాలా ఊళ్లలో దళిత యువకులు చావుకు డప్పు కొట్టం అని తేల్చి చెప్పారు. అది తప్పు కాదు, ఎప్పుడో జరగాల్సిన పని. ఇప్పుడు కొట్టేవారు కూలి మాట్లాడుకొని, బృందంగా వచ్చి కొడతారు. కొన్నిచోట్ల బ్యాండు మేళం వస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల, నిండు వయసు బతికి పోయిన ముసలివారికి తీన్మార్ దరువు పెట్టి, మనుమలు చిందులేస్తూ సాగనంపడం మామూలే. బయటివారికి అది వింతగా తోచవచ్చు. ఆ ఇంటివారికి అది పూర్తయిన బతుకుకు చేసే మర్యాద.

సైనికుల పద్ధతి వేరు. యూనిఫాంలో ఉన్నవారు దారిలో శవయాత్ర ఎదురైతే ఆగి సెల్యూట్ చేయడం అనేక దేశాల సైన్యాల్లో మర్యాద. మన సైనిక అంత్యక్రియల్లో శోక్ శస్త్ర్ అనే ఆదేశం వినిపిస్తుంది. అప్పుడు జవాన్లు తుపాకులు తిప్పి, గొట్టం నేలవైపు ఉండేలా పట్టుకొని తలలు వంచుతారు. 1948 జనవరి 31న గాంధీ మహాత్ముడి అంతిమయాత్ర బిర్లా హౌస్ నుంచి యమునా తీరానికి సాగింది. ఆయన దేహాన్ని ఉంచిన సైనిక వాహనాన్ని ఇంజను మీద నడపలేదు. జవాన్లు తాళ్లు పట్టి లాగారు. మైళ్ల దారికి గంటలు పట్టింది. యంత్రం వేగం వద్దనుకొని మనుషుల నడక వేగాన్ని ఎంచుకోవడమే అక్కడి మర్యాద.

వేగం అనే మాట రాగానే అమెరికా సంగతి చెప్పుకోవాలి. అక్కడ శవయాత్ర అంటే కార్ల వరస. ముందు శవపేటికను మోసే పొడుగాటి నల్లకారు. వెనుక బంధువుల కార్లు, ఒకదాని వెనుక ఒకటి. పట్టపగలే అన్నింటికీ హెడ్‌లైట్లు వెలుగుతుంటాయి. దక్షిణాది రాష్ట్రాల్లో, అంటే జార్జియా, టెనెసీ, మిసిసిపీ, కరొలైనాల వంటి చోట్ల, ఆ వరస కనబడితే ఎదురుగా వచ్చేవారు కూడా కారు రోడ్డు పక్కకు తీసి ఆపేస్తారు. యాత్ర ఉన్నది అవతలి లేనులో. తమ లేను ఖాళీగానే ఉంది. అయినా ఆపుతారు. ట్రాక్టరు మీద ఉన్న రైతు ఇంజను ఆపి టోపీ తీస్తాడు. చివరి కారు పోయేదాకా కదలరు.

అట్లాంటాలోనో షార్లెట్‌లోనో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువారికి మొదటిసారి ఇది అర్థం కాదు. ముందు కారు ఎందుకు ఆగిందో తెలియదు. పోలీసులు ఆపారేమో అనుకుంటారు. వెనుక నుంచి దాటేసి పోతే చుట్టూ ఉన్నవారు అదోలా చూస్తారు. ఊళ్లో పాడె వస్తే సైకిలు దిగిన మనిషికి ఇందులో కొత్త ఏమీ లేదు. సైకిలు బదులు కారు, అంతే.

అక్కడ ఇది ఆచారంతో ఆగలేదు, చట్టంలోకీ వెళ్లింది. రాష్ట్రానికో రకంగా నియమాలు ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ముందు కారు పచ్చ లైటులో కూడలి దాటితే, లైటు ఎర్రగా మారినా వెనుక కార్లన్నీ జాగ్రత్తగా దాటవచ్చు. మిగతావారు ఆగి దారి ఇవ్వాలి. ఆ వరస మధ్యలోకి మరో కారు దూరకూడదు. ఫ్లోరిడా చట్టంలో ఈ నియమం స్పష్టంగా ఉంది. నిప్పుకుండకూ పాడెకూ మధ్య దాటకూడదని తెలుగు పల్లె పెద్దలు చెప్పేదీ ఇదే. వరసను కోసుకొని పోకూడదు. ఒకచోట పెద్దల మాట, ఒకచోట జరిమానా.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. కొత్త కార్లకు పగలు కూడా లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. దాంతో ఏది శవయాత్ర కారో, ఏది మామూలు కారో తెలియకుండా పోయింది. అందుకే ఇప్పుడు కార్ల మీద అయస్కాంతంతో అంటుకునే చిన్న జెండాలు పెడుతున్నారు. ప్రమాద సూచన లైట్లు కూడా మిణుకుమిణుకుమని వెలిగిస్తున్నారు. మరో సంగతి, చిన్న రోడ్డు మీద ఆగడం వేరు, వందల కార్లు పరుగెత్తే హైవే మీద ఉన్నట్టుండి ఆగడం వేరు. వెనుక వచ్చేవారు గుద్దుకుంటారు. అలాంటి చోట ఆపకుండా, వేగం తగ్గించి దూరం పాటించడమే సరైన మర్యాద.

ఆగి చూడటంలో ప్రమాదం ఉందనడానికి ఒక విషాద ఉదాహరణ చరిత్రలో మిగిలింది. 1968 జూన్ 8న అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనెడీ భౌతికకాయాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు రైలులో తీసుకెళ్లారు. పట్టాల పొడుగునా జనం. నల్లవారు, తెల్లవారు, బడి పిల్లలు, క్రైస్తవ సన్యాసినులు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నవారు కొందరు, సెల్యూట్ చేస్తూ నిలబడ్డవారు కొందరు. పాల్ ఫుస్కో అనే ఫోటోగ్రాఫర్ రైలు కిటికీలోంచి ఆ ముఖాలను ఫోటోలు తీశాడు. నాలుగు గంటల దారికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది. న్యూజెర్సీలో ఎలిజబెత్ అనే ఊరి దగ్గర జనం పక్క పట్టాల మీదికి కూడా వచ్చి నిలబడ్డారు. ఎదురు దిశలో వచ్చిన మరో రైలు తగిలి ఇద్దరు చనిపోయారు.

పెద్దవారి యాత్రల్లో మరో వింత 1965 జనవరి 30న లండన్‌లో జరిగింది. బ్రిటన్ మాజీ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ శవపేటికను థేమ్స్ నది మీద పడవలో తీసుకెళుతుంటే, ఒడ్డున ఉన్న రేవు క్రేన్లు ఒకదాని తర్వాత ఒకటి తలలు వంచాయి. టోపీ లేని యంత్రం చేత కూడా వందనం చేయించారు. టీవీలో చూసినవారు చాలామంది మిగతాదంతా మరిచిపోయినా దాన్ని మరిచిపోలేదు.

అయితే దారి పక్క మర్యాదకు ఆధునిక కాలంలో చెప్పుకోదగ్గ ఉదాహరణ ఒక చిన్న ఊరిది. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో వూటన్ బాసెట్ అనే ఊరు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్ సైనికుల శవపేటికలు 2007 నుంచి పక్కనే ఉన్న లైన్‌హమ్ వైమానిక స్థావరానికి వచ్చేవి. అక్కడి నుంచి బయల్దేరిన కార్లు ఈ ఊరి ప్రధాన వీధిలోంచే పోవాలి. మొదట్లో కొందరు మాజీ సైనికులు వీధి పక్కన నిలబడి తల వంచారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏర్పాటు చేయలేదు. తర్వాత దుకాణదారులు వచ్చారు, బజారుకు వచ్చినవారు ఆగారు. నెలలు గడిచేకొద్దీ జనం వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి పెరిగారు. చర్చి గంట మోగుతుంది. కార్లు నెమ్మదిగా వస్తాయి. వీధి మొత్తం నిశ్శబ్దం. కార్లు పోగానే ఎవరి పని వారిది. 2011 సెప్టెంబరు నుంచి ఆ విమానాలు మరో స్థావరానికి మారాయి. అదే సంవత్సరం అక్టోబరులో ఆ ఊరికి రాయల్ అనే గౌరవ పదం చేరింది. ఆ యుద్ధాలు సరైనవా కావా అన్న వాదన అక్కడి జనంలోనూ ఉంది. వీధిలో నిలబడినప్పుడు మాత్రం ఆ వాదన ఎవరూ చేయలేదు.

తిరిగి తెలుగు నేలకు వస్తే, ఇక్కడా యాత్ర వేగం మారింది. పట్టణాల్లో పాడె స్థానంలో వైకుంఠ రథం వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనాలు ఉన్నాయి. శ్మశానం ఊరికి దూరమైంది, మోసే భుజాలు తగ్గాయి. వాహనం ట్రాఫిక్‌లో కలిసిపోతే పక్కన బైకు మీద ఉన్నవారికి అది శవయాత్ర అన్న సంగతి కూడా తెలియదు. అద్దం మీది పూలదండ చూసి ఆలస్యంగా గుర్తుపడతారు. హారన్ మీద చెయ్యి తీస్తారు. అయినా దింపుడు కళ్లం మాత్రం చాలా కుటుంబాలు వదులుకోలేదు. వాహనాన్ని బైపాస్ రోడ్డు పక్కన ఆపి, పాడె దింపి, చెవిలో మూడుసార్లు పిలిచి మళ్లీ ఎక్కిస్తారు. పక్కనుంచి లారీలు పోతూ ఉంటాయి. అలాంటప్పుడు వెనుక ఉన్నవారు హారన్ కొట్టకుండా రెండు నిమిషాలు ఓపిక పడితే చాలు.

యాత్రలో నడిచేవారికీ కొంత బాధ్యత ఉంది. రోడ్డు మొత్తం ఆక్రమించకుండా ఒక పక్కగా నడవడం మంచిది. పూలదండలు విసిరితే వాటి మీద బైకుల చక్రాలు జారి మనుషులు పడతారు. టపాసులు కాలిస్తే ఎదురొచ్చే పశువులు బెదురుతాయి. రాత్రిపూట యాత్ర అయితే చివర నడిచేవారి చేతిలో దీపమో టార్చీయో ఉండాలి. దారి ఇచ్చేవారు ఇస్తుంటే తీసుకునేవారు కూడా చూసుకోవాలి.

చట్టం కూడా ఈ విషయాన్ని పట్టించుకుంది. అంత్యక్రియలకు చేరినవారికి కావాలని ఆటంకం కలిగించడం, శవానికి అవమానం చేయడం పాత భారత శిక్షాస్మృతి 297వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 301వ సెక్షన్. ఏడాది వరకు జైలు పడవచ్చు. అయితే ఆగి దారి ఇవ్వాలని బాటసారిని ఆదేశించే మాట అందులో లేదు. అది ఇప్పటికీ ఆచారం చేతిలోనే ఉంది.

శవయాత్ర వెనుక అంబులెన్స్ వస్తే ఏం చేయాలన్నది తరచుగా వచ్చే ప్రశ్న. దీనికి జవాబులో సందేహం లేదు. అంబులెన్స్‌దే ముందు దారి. వాహనం నడుపుతూ అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా ఉంది, శవయాత్రలో ఉన్నామన్నది మినహాయింపు కాదు. పాడె మోసేవారే ఒక పక్కకు జరిగి నిలబడాలి. అంబులెన్స్ పోయాక యాత్ర మళ్లీ సాగుతుంది. ఆసుపత్రికి పోయే బండికి పాడె పక్కకు తప్పుకోవడాన్ని ఏ ఆచారమూ తప్పుపట్టదు. వైకుంఠ రథానికి సైరన్ వేసి దారి అడిగే అవసరం కూడా ఉండదు.